ఎండా, వానా, పదహారు కోడిపిల్లలూ

ఆరుద్ర కార్తెలో కోడిపిల్లల్ని తేవద్దని అత్తయ్యగారు చెప్పనే చెప్పారు. "పొద్దున ఎండ, మధ్యాహ్నం ఉక్క, రాత్రికి వాన. తల్లి లేని పిల్లలు తట్టుకోలేవమ్మాయ్" అన్నారు. నేను వింటేనా! మా చిన్నది వేసవి సెలవులంతా అడిగిందని, గుడ్డులోంచి వచ్చి ఒక్కరోజైన వనరాజా పిల్లలు ఇరవై తెచ్చేశాం.

పెరట్లో జామచెట్టు పక్కనున్న పాత గూడుని మావారు బాగుచేశారు. కింద ఇటుకలు పెట్టి ఎత్తు లేపి, చుట్టూ సన్న మెష్ కొట్టి, పైన రేకు వేశారు. లోపల ఊక పరిచి, మధ్యలో బల్బు వేలాడదీశాం. మునిగిపోకుండా నీళ్ల మూకుట్లో గులకరాళ్లు వేశాను. మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలని, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలని చదివి థర్మామీటరు కూడా కొన్నాను. మా చిన్నది ఇరవైకీ పేర్లు పెట్టింది. ఏది ఏదో దానికే తెలుసు.

ఆరో రోజు రాత్రి గాలీ వానా మొదలై కరెంటు పోయింది. రెండు సీసాల్లో వేడినీళ్లు పోసి, పాత తువ్వాళ్లు చుట్టి గూట్లో పెట్టాను. పైనుంచి కిందదాకా బరకం కప్పేసి అంచుల మీద ఇటుకలు పెట్టాను. గాలి దూరే సందు ఒక్కటీ ఉంచలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి పడుకున్నాను.

తెల్లారేసరికి వాన వెలిసింది. కరెంటూ వచ్చేసింది. టిఫిన్లు, క్యారేజీలు, జడలు అయ్యి, స్కూలు ఆటో వెళ్లేసరికి తొమ్మిదైంది. అప్పటికే ఎండ చుర్రుమంటోంది. బరకం ఎత్తగానే మొహానికి ఆవిరి కొట్టింది. లోపల బల్బు వెలుగుతూనే ఉంది. పిల్లలన్నీ దానికి దూరంగా మెష్‌కి అతుక్కుపోయి, ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. నాలుగు మాత్రం రొప్పడం లేదు.

చలికి పోతాయని భయపడి, వేడికి పోగొట్టుకున్నాను.

అత్తయ్యగారు "ముందే చెప్పాను కదా" అనలేదు. మిగిలినవాటిని నీడకి చేర్చి, ఒక్కోదాని ముక్కు నీళ్లలో ముంచుతూ చెప్పారు. "ఆ డిగ్రీలు కాదు, పిల్లల్ని చూడు. బల్బు కింద కుప్పగా చేరితే చలి. దూరంగా పోతే వేడి. అన్నీ ఒకే మూల ఒదిగితే రెండోవైపు నుంచి గాలి కొడుతున్నట్టు. ఎక్కడివక్కడ చెదిరి పడుకుంటే హాయిగా ఉన్నట్టు. తల్లికోడి రెక్కలకింద పెట్టుకున్నా, బయటికి రావాలనుకున్న పిల్లని ఆపదు."

సాయంత్రం మా చిన్నదానికి ఏం చెప్పాలి? మధ్యాహ్నమంతా అదే ఆలోచన. పిల్లి ఎత్తుకుపోయిందంటే నమ్ముతుంది. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ మొన్ననే గాజుగ్లాసు పగలగొట్టి తమ్ముడి మీదికి తోసినందుకు దాన్ని కూర్చోబెట్టి నీతులు చెప్పింది నేనే కదా!

"గాలాడకుండా నేనే కప్పేశానమ్మా. వేడికి పోయాయి. తప్పు నాదే" అన్నాను.

చాలాసేపు ఏడ్చింది. నా చేత్తో అన్నం తినలేదు, వాళ్ల నానమ్మ దగ్గర తింది. మర్నాడు పొద్దున లేవగానే గూటి ముందు వంగి చూసి, "చెదిరి పడుకున్నాయి" అని మాత్రం చెప్పి వెళ్లింది. ఆ రోజునుంచీ పొద్దున చూసే పని దానిదే.

ఇప్పుడు బరకం గాలి కొట్టే వైపే కడుతున్నాం. పైన జానెడు సందు వదులుతున్నాం. కావాలంటే దగ్గరికి, వద్దంటే దూరంగా పోయేలా బల్బుని ఒక మూలకి మార్చాం. తడిసిన ఊక వెంటనే తీసేస్తున్నాను. తేమలో ఉంటే రక్తవిరేచనాలు పట్టుకుంటాయి. అయిదు వారాలు దాటి ఈకలు నిండుగా వచ్చాయి కాబట్టి బల్బు కూడా తీసేశాం. పదహారూ ఉన్నాయి.

నిన్న రాత్రి మళ్లీ వాన. ఉండబట్టలేక లేచి వెళ్తే, వెనక వరండాలో మా చిన్నది టార్చి పట్టుకుని నిలబడి ఉంది.

"కప్పొద్దమ్మా, బానే ఉన్నాయి" అంది.

కప్పలేదు.