సినిమా చూడని ఊరు

మిరాబెల్ తోట దగ్గర ఆగి ఉన్న బస్సులోకి రకరకాల మనుషులు ఎక్కుతుంటారు. తెల్లజుట్టు బామ్మలు, వాళ్ల చెయ్యి పట్టుకున్న మనవలు, అమెరికా నుంచి వచ్చినవాళ్లు, జపాన్ నుంచి వచ్చినవాళ్లు. కొడుకునో కూతుర్నో చూడ్డానికి యూరప్ వచ్చి, పనిలో పనిగా ఇటూ ఒక చుట్టు చుట్టిపోదామనుకున్న మన తెలుగు దంపతులూ ఆ వరసలో కనిపించవచ్చు. బస్సు కదలగానే పాటలు మొదలవుతాయి. ఎవరికీ నేర్పక్కర్లేదు, అందరికీ వచ్చు... ఆ ఊరివాళ్లకి తప్ప!

ఆ ఊరు ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్. ఆ సినిమా ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’. 1965లో విడుదలై ఐదు ఆస్కార్లు గెలుచుకుంది. వసూళ్లలో అప్పటిదాకా ఎదురులేని ‘గాన్ విత్ ద విండ్’ని దాటేసింది. నిజానికి సాల్జ్‌బర్గ్‌కి సినిమా వల్ల కొత్తగా పేరు రావాల్సిన అవసరం లేదు. 1756లో మోజార్ట్ పుట్టింది అక్కడే. ఏటా వేసవిలో జరిగే సంగీతోత్సవానికి ప్రపంచం నలుమూలల నుంచీ రసికులు వస్తారు. అయినా ఇంటిల్లిపాదీ పిల్లాజెల్లాతో ఆ ఊరు వెతుక్కుంటూ వస్తున్నారంటే ఎక్కువమంది సినిమా కోసమే. ఏటా లక్షలమంది!

కథ తెలియనివారు తక్కువ. సన్యాసినుల మఠంలో చేరిన మరియా అనే అల్లరి పిల్ల ఓ క్షణం కుదురుగా ఉండదు. ఆమెని ఏడుగురు పిల్లల తండ్రి, భార్య పోయిన నౌకాదళ కెప్టెన్ ఇంటికి ఆయాగా పంపుతారు. ఆయన పిల్లల్ని ఈలవేసి పిలుస్తుంటాడు. ఆమె పాట నేర్పుతుంది. ఇల్లు మారిపోతుంది, ఆయనా మారిపోతాడు. పెళ్లయ్యేసరికి 1938లో హిట్లర్ సేన ఆస్ట్రియాలోకి వస్తుంది. ఆ సైన్యంలో చేరడానికి కెప్టెన్ ససేమిరా అంటాడు. కుటుంబమంతా కొండలు దాటి వెళ్లిపోతుంది.

జెండా కట్టొద్దన్నారు

దర్శకుడు రాబర్ట్ వైజ్ బృందం 1964 వసంతంలో సాల్జ్‌బర్గ్‌లో దిగింది. ఆరు వారాల్లో ముగించాలనుకున్న పని పదకొండు వారాలు పట్టింది. కారణం వాన. అక్కడి వానకి ‘ష్నూర్ల్‌రేగెన్’ అని ఓ ముద్దుపేరుంది. దారప్పోగుల్లా సన్నగా, తెరిపి లేకుండా కురుస్తుందని అలా పిలుస్తారు.

వానకన్నా పెద్ద చిక్కు రెసిడెన్జ్ కూడలిలో వచ్చింది. సినిమాలో నాజీ సైనికులు ఆ కూడలి గుండా కవాతు చేస్తారు, భవనం మీద స్వస్తిక జెండా వేలాడుతుంటుంది. అది కట్టడానికి నగర అధికారులు మొదట ఒప్పుకోలేదట. అలాగైతే 1938 నాటి అసలు వార్తాచిత్రాలనే వాడుకుంటాం అన్నారట సినిమావాళ్లు. ఆ మాటతో అనుమతి వచ్చేసిందని చెబుతారు. అసలు దృశ్యాల్లో ఖాళీ కూడలి ఉండదు మరి, చేతులెత్తి స్వాగతం పలికే జనం ఉంటారు! 1938 ఏప్రిల్ 30న ఇదే కూడలిలో పుస్తకాలు గుట్టపోసి తగలబెట్టారు. షూటింగ్ నాటికి అది ఇరవయ్యారేళ్ల కిందటి మాట. చూసినవాళ్లూ, చేసినవాళ్లూ ఇంకా ఆ వీధుల్లోనే తిరుగుతున్నారు.

సినిమా వాళ్లకి రుచించకపోవడానికి ఇదొక్కటే కారణం కాదు. అదే కుటుంబం మీద 1956లోనే జర్మన్ భాషలో ఓ సినిమా వచ్చి బ్రహ్మాండంగా ఆడింది. మన కథని అమెరికావాళ్లు చెప్పేదేమిటి అనుకున్నారు. దుస్తులూ పాటలూ తమవి కావన్నారు. అదీ నిజమే. ‘ఎడెల్వైస్’ పాటని ఆస్ట్రియా జానపదమనీ, కొందరైతే ఏకంగా జాతీయగీతమనీ అనుకుంటారు. కానీ అది బ్రాడ్వే నాటకం కోసం 1959లో ఆస్కార్ హామర్‌స్టీన్ రాసింది. ఆయన చివరి పాట కూడా. మరుసటి ఏడాదే కన్నుమూశాడు.

జర్మనీలో ఇంకో విచిత్రం జరిగింది. మ్యూనిక్‌లో పంపిణీ వ్యవహారాలు చూసే అధికారి పెళ్లితోనే సినిమా ముగిసేలా కత్తెర వేసేశాడు. నాజీలు వచ్చే మూడోవంతు కథ మాయం! సంగతి తెలిసి అమెరికాలోని ప్రధాన కార్యాలయం అతణ్ని ఉద్యోగంలోంచి తీసేసింది, కత్తిరించిన భాగాన్ని మళ్లీ కలిపించింది. సాల్జ్‌బర్గ్‌లో మాత్రం కొద్దిరోజులకే సినిమా ఎత్తేశారు. అక్కడి ప్రభుత్వ నాటకశాల ఈ కథని రంగస్థలం మీదకి తెచ్చింది 2011లో. అంటే సినిమా వచ్చిన నలభై ఆరేళ్లకి!

ముందు ఒకచోట, వెనక ఇంకోచోట

బస్సులో వెళ్లేవాళ్లు అన్నిటికన్నా ముందు అడిగేది ‘కెప్టెన్ ఇల్లేదీ?’ అని. గైడు రెండు ఇళ్లు చూపిస్తాడు. పసుపురంగు గోడలతో, పెద్ద గేటుతో కనిపించే ముందువైపు ఫ్రోన్‌బర్గ్ భవనం. ఇప్పుడందులో సంగీత విశ్వవిద్యాలయం విద్యార్థులుంటున్నారు. పిల్లలంతా పడవలోంచి నీళ్లలో పడే పెరడూ, సరస్సూ ఊరికి ఇంకోపక్కన లియోపోల్డ్‌స్క్రోన్ దగ్గర ఉన్నాయి. ఇంటి లోపలి గదులైతే హాలీవుడ్‌లో వేసిన సెట్లు. సినిమాలో కెప్టెన్ ముందు తలుపులోంచి వచ్చి పెరట్లోకి అడుగుపెట్టాడంటే రెండు ఖండాలు దాటాడన్నమాట.

ఆ లియోపోల్డ్‌స్క్రోన్ సౌధానిదీ ఓ కథ. సాల్జ్‌బర్గ్ ఉత్సవానికి ఆద్యుల్లో ఒకడైన నాటక దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ దాన్ని కొని, ప్రేమగా బాగుచేయించాడు. ఆయన యూదుడు. 1938లో నాజీలు దాన్ని లాగేసుకున్నారు. ఆయన అమెరికాలో చనిపోయాడు, తిరిగి రాలేదు.

అసలు ట్రాప్ కుటుంబం నివసించిన ఇల్లు ఈ రెండూ కాదు. ఊరి అంచున ఐగెన్‌లో ఉంది. వాళ్లు వెళ్లిపోయాక యుద్ధకాలంలో అందులో మకాం పెట్టింది హిట్లర్ కుడిభుజం హిమ్లర్! 2008లో దాన్ని హోటల్‌గా తెరిచారు.

పెద్దమ్మాయి లీజల్ వానలో పాడుతూ గెంతే అద్దాల మండపం ఇప్పుడు హెల్‌బ్రున్ ఉద్యానంలో ఉంది. బయటి నుంచి చూడాల్సిందే, తలుపు తాళం వేసి ఉంటుంది. పదహారేళ్ల పిల్లలా బెంచీల మీద గెంతబోయి పెద్దవయసు అభిమానులు కాళ్లు విరగ్గొట్టుకున్నారని గైడ్లు చెబుతారు. అలా గెంతినందుకు అసలు నటే దెబ్బ తిన్నది. లీజల్‌గా వేసిన షార్మియన్ కార్‌కి అప్పటికి ఇరవయ్యొక్కేళ్లు. కాలుజారి అద్దం పగిలి మడమకి గాయమైతే, కట్టు కనబడకుండా రంగు పూసి షూటింగ్ కానిచ్చారు.

ఇష్టంలేని కెప్టెన్

అంత అచ్చమైన కుటుంబ చిత్రంలో కథానాయకుడికి ఆ సినిమా అంటే ఒళ్లుమంట అంటే నమ్ముతారా? షేక్‌స్పియర్ నాటకాల్లో పేరు తెచ్చుకున్న క్రిస్టఫర్ ప్లమ్మర్‌కి ఈ కథ మరీ చక్కెరపాకంలా అనిపించింది. టైటిల్లో ‘మ్యూజిక్’ తీసేసి ‘మ్యూకస్’... అంటే చీమిడి అని పెట్టి వెక్కిరించేవాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై నాలుగే. ఏడుగురు పిల్లల తండ్రిలా కనిపించాలని జుట్టు నెరిసినట్టు చేశారు. సాయంత్రాలు హోటల్లో పియానో, విందూ మందూ... దాంతో ఒళ్లొచ్చి దుస్తులు బిగుతైపోయాయి. విచిత్రమేమంటే ఆ చిరాకే పాత్రకి కలిసొచ్చింది. నవ్వని ముఖంతో ఆయన నిలబడి ఉండబట్టే, పిల్లల పాట విని కళ్లు చెమర్చే ఘట్టం అంతగా పండింది. ఆ పాత్రలో ఇంకెవరైనా తియ్యగా నవ్వుతూ ఉంటే సినిమా నిజంగానే వెగటు పుట్టేది. వయసు మళ్లాక ఆయన మనసూ మెత్తబడింది. 2012లో, ఎనభై రెండేళ్ల వయసులో ఇంకో సినిమాకి ఆస్కార్ అందుకున్నాడు. 2021లో కన్నుమూశాడు.

ఆయన నోట వినిపించే పాట ఆయన గొంతు కాదు, బిల్ లీ అనే గాయకుడిది. మనకి ఘంటసాల, సుశీల పేర్లు సినిమా తారల పేర్లంత పరిచయం. హాలీవుడ్‌లో మాత్రం నేపథ్య గాయకులు చాలాకాలం అజ్ఞాతంగానే ఉండిపోయారు. వాళ్లలో మేటి మార్నీ నిక్సన్. ‘మై ఫెయిర్ లేడీ’ నాటకంలో పాడి మెప్పించిన జూలీ ఆండ్రూస్‌ని కాదని సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్‌ని తీసుకుంటే, ఆమెకి గొంతు అరువిచ్చింది ఈ మార్నీయే. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో ఆమె తొలిసారి తెరమీద సన్యాసినిగా కనిపించింది. ఈ ఇద్దరూ ఎదురుపడితే ఏమవుతుందోనని యూనిట్ బిక్కుబిక్కుమంటూ చూసింది. జూలీ నేరుగా వెళ్లి చెయ్యి కలిపి, మీ పాటంటే నాకిష్టం అందట. అంతే, గాలి తేలికపడింది.

జూలీకి అప్పుడు ఇరవై ఎనిమిది. సినిమా మొదట్లో కొండమీద చేతులు చాపి తిరుగుతూ పాడే దృశ్యంలో ఎంత హాయిగా ఉంటుందో! తీసేటప్పుడు ఆ హాయి లేదు. హెలికాప్టర్ మీదికి వచ్చి మళ్లిన ప్రతిసారీ ఆ గాలి విసురుకి ఆమె బురదలో పడేది. లేచేది, గడ్డి దులుపుకునేది, మళ్లీ తిరిగేది. 1997లో గొంతుకి చేసిన శస్త్రచికిత్స వికటించి ఆ స్వరం పోయింది. ఆ సంగతి తెలిసి ఆ పాట వింటే ఇంకోలా వినిపిస్తుంది.

పిల్లల సంగతులకైతే లెక్కలేదు. ఫ్రెడ్రిక్‌గా వేసిన నికొలస్ హామండ్ షూటింగ్ జరిగిన నెలల్లోనే అరడుగు పొడవు పెరిగిపోయాడు. మొదట్లో అక్కతో సమానంగా నిలబెట్టడానికి అతని బూట్లలో ఎత్తు పెట్టారు, చివర్లో అక్కని పెట్టెమీద ఎక్కించారు! అందరికన్నా చిన్నది కిమ్ కరాత్, అయిదేళ్ల పిల్ల, ఈత రాదు. పడవ తిరగబడేటప్పుడు జూలీ ముందుకు పడి పిల్లని పట్టుకోవాలి. తీరా ఆమె వెనక్కి పడింది. మునిగిపోతున్న చిన్నదాన్ని లూయీసాగా వేసిన హెదర్ మెంజీస్ పైకి లాగింది. షార్మియన్ 2016లో, హెదర్ 2017లో వెళ్లిపోయారు. ఏడుగురూ చివరిదాకా అన్నాచెల్లెళ్లలాగే ఒకరినొకరు కలుసుకుంటూ ఉండేవారు.

కొండ దాటితే ఎక్కడ తేలుతారు?

జూలీ పాడిన ఆ పచ్చిక అసలు ఆస్ట్రియాలోనే లేదు, సరిహద్దు అవతల జర్మనీలో ఉంది. సినిమా చివర కుటుంబం కాలినడకన కొండ దాటి స్విట్జర్లాండ్ చేరినట్టు చూపిస్తారు. సాల్జ్‌బర్గ్ వాసులు ఇక్కడే పడీపడీ నవ్వుతారు. ఆ ఊరి కొండలు దాటితే వచ్చేది స్విట్జర్లాండ్ కాదు, హిట్లర్ విడిది ఉన్న బెర్క్టెస్‌గాడెన్!

నిజం ట్రాప్‌లు కొండలెక్కలేదు. ఇంటి వెనకున్న స్టేషన్లో మామూలు ప్రయాణికుల్లా రైలెక్కి ఇటలీ వెళ్లారు. సముద్రమే లేని ఆస్ట్రియాలో నౌకాదళ కెప్టెన్ ఎలా ఉన్నాడని చాలామందికి అనుమానం వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఆ సామ్రాజ్యానికి తీరం ఉండేది. జార్జ్ ఫాన్ ట్రాప్ జలాంతర్గామి నడిపాడు. ఆయన పుట్టిన జాదర్ రేవు తర్వాత ఇటలీ చేతికి పోయింది. అలా దక్కిన ఇటలీ పౌరసత్వమే కుటుంబాన్ని గట్టెక్కించింది.

అసలు మరియా వచ్చింది ఏడుగురికి ఆయాగా కాదు, జబ్బుపడి లేచిన ఒక్క కూతురికి చదువు చెప్పడానికి. పెళ్లి 1927లోనే అయింది. ఆస్తి దాచుకున్న బ్యాంకు మునిగిపోతే ఇంట్లో గదులు అద్దెకిచ్చి, కచేరీలు చేసి బతికారు. తండ్రిని కఠినుడిగా చూపించినందుకు పిల్లలు నొచ్చుకున్నారు. ఆయన నెమ్మదస్తుడు, గొంతు పెంచేది మరియానే అని చెప్పేవారు. ఆమె తన కథ హక్కుల్ని జర్మన్ నిర్మాతలకి తొమ్మిదివేల డాలర్లకి ఇచ్చేసింది. కోట్లు కురిపించిన సినిమాలో ఆమె భాగం? వీధి దృశ్యంలో జూలీ వెనకాల, కమాను దగ్గర నడిచిపోయే ఓ స్త్రీ. కన్నార్పితే కనబడదు.

పాటతో పిల్లల్ని దారికి తెచ్చే గురువు మనకీ వచ్చాడు. 1972లో గుల్జార్ తీసిన ‘పరిచయ్’లో ఈ సినిమా ఛాయలు స్పష్టం. అందులో జితేంద్ర మాస్టారు, ఈలకి బదులు ప్రాణ్ గారి గంభీరమైన గొంతు, డోరేమీకి బదులు సరిగమలు. మన ఇంగ్లిష్ మీడియం బడుల వార్షికోత్సవాల్లో ఆ డోరేమీ పాడని తరం లేదు.

సాల్జ్‌బర్గ్‌కి మ్యూనిక్ నుంచి రైల్లో రెండు గంటలలోపే, వియన్నా నుంచైతే రెండున్నర గంటలు. గొడుగు మరవొద్దు. సినిమా పెళ్లి జరిగిన మోండ్‌సే చర్చి ఊరికి పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరం, బస్సువాళ్లే తీసుకెళతారు. అసలు పెళ్లి జరిగింది మాత్రం నోన్‌బర్గ్ మఠంలో. 714 ప్రాంతంలో స్థాపించిన ఆ మఠంలో ఇప్పటికీ సన్యాసినులున్నారు. సినిమావాళ్లని గేటు వరకే రానిచ్చారు, లోపలంతా హాలీవుడ్‌లోనే తీసుకోవాల్సి వచ్చింది. టూరు బస్సు అక్కడిదాకా ఎక్కదు. తెల్లవారుజామున మెట్లెక్కి వెళ్లి చర్చిలో వెనక బల్లమీద కూర్చుంటే పైనుంచి వాళ్ల పాట వినిపిస్తుంది. మనిషి కనబడరు. లాటిన్‌లో, వాద్యం లేకుండా, వందల ఏళ్లుగా పాడుతున్న పాటే.