పాత రేడియోలో అమ్మమ్మ మాట

అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు, చింతూరు వైపు మా ఊళ్లో అమ్మమ్మ పాడిన రేల పాటల్ని ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చాను. డోలు ఒక చెవికి, గొంతు మరో చెవికి సర్దితే ఇయర్‌ఫోన్లలో బాగుంది. ఊళ్లో ఒక్క చిన్న స్పీకర్‌లో రెండూ కలిసిపోయాయి. "డోలే వినబడుతోంది, నా మాటలేవిరా?" అంది అమ్మమ్మ.

గదిలో మూలపడిన సెల్స్ రేడియో విప్పాను. స్టేషన్లు పట్టకపోయినా దాని ఆంప్లిఫయర్, స్పీకర్ బాగానే ఉన్నాయి. ఫోన్ పిన్ను కుడి, ఎడమ తీగలకు చెరో 1000 ఓముల రెసిస్టర్ పెట్టి, రెండూ కలిపి వాల్యూమ్ కంట్రోల్‌కి అతికించాను. మూడో తీగ గ్రౌండ్‌కి. కరెంటుతో నడిచే రేడియో అయితే ఇలా విప్పకూడదు, ప్రాణాలమీదికొస్తుంది.

అందులో మాట తేలేదాకా డోలు తగ్గించాను. మన పాటలు వినేది అరుగుల మీదే కదా! రెండోసారి విని, తాను తప్పు పాడిన ఒక మాటను అమ్మమ్మే దిద్దింది.