త్రవ్వడానికి ముందు అడగవలసిన ప్రశ్న

నిర్మాణానికి పూర్వం భూపరీక్ష జరగాలని వాస్తుశాస్త్రం విధించింది. హస్తప్రమాణమైన గొయ్యి త్రవ్వి, తీసిన మట్టినే తిరిగి నింపి, మిగిలితే ఉత్తమమని, చాలకపోతే అధమమని నిర్ణయిస్తారు. భూగర్భంలోని ఎముకలు మొదలైన శల్యాలను తొలగిస్తారు. ఆ స్థలాన్ని ఆశ్రయించిన భూతాలకు బలి సమర్పించి, అన్యత్ర నివసించమని ప్రార్థిస్తారు. నేటి వారసత్వ ప్రభావ మదింపుకు ఇదే మూలమనడం అతిశయోక్తి. శల్యం వాస్తువేత్తకు దోషం, పురావస్తువేత్తకు సాక్ష్యం. అయినా రెండింటికీ ఆధారమైన భావం ఒక్కటే: మనకంటె ముందు ఈ నేలపై ఎవరో ఉన్నారు, కనుక మొదట విచారించాలి.

ఆ విచారణ ఎప్పుడు జరగాలన్నదే చిక్కు. నాగార్జునసాగర్ క్రింద మునగబోయే లోయలో భారత పురావస్తు శాఖ 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతంగా త్రవ్వకాలు ఆరంభించింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1960 వరకు సాగిన ఆ కృషి అసామాన్యం. శిలాయుగపు పనిముట్లు, ఇక్ష్వాకుల విజయపురి, బౌద్ధవిహారాలు, కృష్ణాతీరాన కార్తికేయ, పుష్పభద్రస్వామి ఆలయాలు, దారుమూర్తిగా శాసనంలో ప్రస్తావితుడైన అష్టభుజస్వామి నిలయం, అన్నీ వెలుగు చూశాయి. కొన్ని కట్టడాలను కొండపైన, అనుపులో పునర్నిర్మించారు. ఆ పండితుల శ్రద్ధను ఎవరూ శంకింపలేరు; ఆ జలంతో పండిన అన్నాన్ని తిరస్కరించగలవారూ లేరు. కాని వారికి మిగిలిన ప్రశ్న దేనిని రక్షించాలన్నదే. ముంచవచ్చునా అన్న ప్రశ్నకు అప్పటికే దాదాపు కాలం మించిపోయింది.

తరువాత శ్రీశైలం జలాశయం వచ్చింది. కృష్ణా తుంగభద్రల కూడలిలో చాళుక్యులు నిర్మించిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో నిలిపారు. శిల్పం దక్కింది. స్వామి నామం నేటికీ సంగమేశ్వరుడే. సన్నిధిలో సంగమం లేదు.

సర్వవ్యాపికి స్థానభేదమేమిటని వేదాంతి ప్రశ్నింపవచ్చు. పరమార్థదృష్టిలో అది యుక్తమే. వ్యవహారదశలో ఉన్న ఉపాసకునికి మాత్రం ఆలంబనం కావాలి. తాత స్నానం చేసిన రేవు, సంకల్పంలో ఉచ్చరించిన నది, ప్రదక్షిణలో అరిగిన మెట్టు, ఇవన్నీ ఆ ఆలంబనంలోని భాగాలే. రాళ్ళకు సంఖ్యలు వేసే నివేదికలో వీటికి గడి ఉండదు.

చట్టం కొంత ముందుకు వచ్చింది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో జరిగిన సవరణ, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లను నిషిద్ధ ప్రాంతంగా, ఆపై మరో 200 మీటర్లను నియంత్రిత ప్రాంతంగా నిర్దేశించింది. జాబితాకెక్కని గ్రామదేవత గద్దెకు, పొలంగట్టున ఒరిగిన వీరగల్లుకు ఆ కొలతలు వర్తించవు. వాటి ఉనికి ఊరి వృద్ధులకు, అర్చకునికి, పశువుల కాపరికి తెలుసు. నేలను కొలిచే గొలుసు పడకముందే వారిని అడగడం పెద్ద వ్యయం కాదు. ప్రణాళిక ఖరారైన తరువాత అడిగితే అది కేవలం మర్యాద.

అదే శ్రీశైలం జలాశయంలో, నంద్యాల జిల్లాలోని సప్తనదీ సంగమం వద్ద మరొక సంగమేశ్వరుడు తన స్థానంలోనే ఉన్నాడు. ఏటా ఎక్కువ మాసాలు ఆలయం నీటిలో ఉంటుంది. వేసవిలో జలం తగ్గాక వేపదారు లింగం బయటపడుతుంది, భక్తులు బురద దాటి వస్తారు. మళ్ళీ వరద గర్భాలయాన్ని సమీపించిన నాడు అర్చకుడు చివరి హారతి ఇచ్చి వెనుదిరుగుతాడు.