ఇయాళ నీ టీమ్ ఏది?

ఇండియా, పాకిస్తాన్ క్రికెట్ ఆడే రోజున మా ఆఫీసులో ఎవరో ఒకరు నన్ను నవ్వుతూ అడుగుతారు. 'ఏం భాయ్, ఇయాళ నీ టీమ్ ఏది?'

నేనూ నవ్వుతాను. ఇరవై ఏళ్లుగా నవ్వుతున్నాను. మొదట ఉర్దూ పత్రికలో చేశాను, తర్వాత తెలుగు డెస్కుకు వచ్చాను. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. నా పిల్లవాడికి ఒంట్లో బాగాలేకపోతే స్కూటర్ మీద ఆస్పత్రికి తీసుకుపోయినవాళ్లే. అయినా అడుగుతారు. ఆ రోజు నేను టీవీ ముందు నుంచి లేవను. లేస్తే ఎందుకు లేచానో అని చూస్తారు. వికెట్ పడితే అందరికంటే ఒక సెకను ముందే చప్పట్లు కొడతాను. ఇండియా గెలిస్తే నాకు నిజంగానే సంతోషం. కానీ ఆ సంతోషాన్ని కూడా రుజువు చూపించి అనుభవించాల్సిన బతుకు మాది.

అసలు సంగతేమిటంటే నాకు క్రికెట్ మీద పెద్ద మోజు లేదు. నాది ఫుట్‌బాల్. నా టీమ్ పేరు ఏ పాకిస్తాన్‌లోనో లేదు. ఈ ఊరి పేరే దాని పేరు. హైదరాబాద్ ఎఫ్‌సి. ఆ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ పిచ్చి నాకు మా అబ్బా నుంచి వచ్చింది. 1950ల చివర్లో ఆయన పదేళ్ల పిల్లగాడు. ఫతే మైదాన్ చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు దాన్ని లాల్ బహదూర్ స్టేడియం అంటున్నాం. అప్పటికే హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచి ఉంది. దాన్ని తయారుచేసిన రహీం సాబ్ ఒక బడిపంతులు. ఆయన నడిపిన దేశం జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది. 1963లో ఆయన పోయారు. అబ్బా ఆయన పేరు ఎత్తినప్పుడల్లా కూర్చున్న మనిషి కాస్త నిటారుగా అయ్యేవారు.

2024లో రహీం సాబ్ మీద హిందీ సినిమా వచ్చింది. అప్పుడు ఆయన గురించి రాయమన్నారు. తెలుగు డెస్కులో ఒకాయన 'ముస్లిం కోచ్ అని హెడ్డింగులో వేద్దాం, చదువుతారు' అన్నాడు. ఉర్దూ మిత్రుడొకడు ఫోన్ చేసి 'ఖౌమ్ కా నామ్ రోషన్ కియా అని రాయి' అన్నాడు. ఇద్దరికీ ఆయన ముస్లిమే. ఆయన టీముల్లో సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నాడు, యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. ఒకరి ఎడమకాలు బలహీనమా, కుడికాలు బలహీనమా అని చూసేవాడాయన. ఆ బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపాడు. డ్రిబ్లింగ్ చేయకూడదని ఇంకో పోటీ. నేను ఆ పోటీల గురించి రాశాను. ఇద్దరికీ నచ్చలేదు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సి పుట్టినప్పుడు అబ్బాకు డెబ్బై దాటింది. మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచాం. గచ్చిబౌలి స్టేడియంలో రన్నింగ్ ట్రాక్ అడ్డం, ఆట ఎక్కడో దూరంగా కనిపిస్తుంది. అబ్బా కళ్లద్దాలు తుడుచుకుంటూ, 'గోల్ కొట్టేటోడు కాదు బేటా, వెనక నిలబడేటోడు లేడు' అన్నారు. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ బల్ల మీద సాసర్లు పేర్చి చూపించారు. నాలుగు సాసర్లు డిఫెన్స్. వాటి ముందు ఉప్పు డబ్బా.

2020లో మనోలో మార్క్వెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాక అబ్బా సాసర్లు మైదానంలోకి దిగాయి. చింగ్లెన్‌సానా, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి మన కుర్రాళ్లు, వాళ్ల పక్కన ఒక విదేశీ డిఫెండర్. ముందు ఉప్పు డబ్బాలా బ్రెజిల్ ఆటగాడు జోవావ్ విక్టర్. 2021-22 సీజన్‌లో ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు, పోస్టర్ల మీద అతనే. 2022 మార్చి 20న ఫైనల్. షబే బరాత్ అయిపోయి రెండు రోజులు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. కేరళ మీద మేం గెలిచాం. ఆ రాత్రి అబ్బా మా గల్లీలో మిఠాయి పంచారు. పక్కింటి యాదగిరి మామ 'ఏంది సాయిబూ, ఏం పండుగ?' అని అడిగితే, 'మన ఊరు గెలిచింది' అన్నారు. 'మన' అన్నారు. ఆ మాట పలకడానికి ఆయన ఎవరి పర్మిషనూ తీసుకోలేదు.

మరుసటి సీజన్‌లో ఇరవై లీగు మ్యాచుల్లో మేం తిన్నవి 16 గోల్సే. రెండో స్థానం. ఆ వేసవిలోనే అబ్బా పోయారు. తర్వాత జరిగింది చూడలేదు, నయమే.

2023-24లో ఇరవై రెండు మ్యాచుల్లో 43 గోల్స్ తిన్నాం. గెలిచింది ఒక్కటి. వచ్చినవి ఎనిమిది పాయింట్లు. పదహారు నలభై మూడు ఎట్లయింది? మావాళ్లు ఒక్క ఏడాదిలో ఆట మరచిపోలేదు. ఆశిష్ రాయ్ ముందే మోహన్ బగాన్‌కు పోయాడు. కోచ్ గోవాకు, ఆకాశ్ మిశ్రా ముంబయికి పోయారు. సీజన్ మధ్యలో చింగ్లెన్‌సానా బెంగళూరు పోయాడు. జీతాలు బకాయి పడ్డాయి, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. మిగిలిన కుర్రాళ్లను ఒక్కసారిగా మైదానంలోకి తోసేశారు. 2024-25లో యాజమాన్యం మారినా ఇరవై నాలుగు మ్యాచుల్లో 47 గోల్స్.

ఆ రెండేళ్లు నేను డెస్కులో రాత్రి డ్యూటీ అయ్యాక న్యూస్‌ప్రింట్ ముక్కల మీద టీమ్ రాసుకునేవాణ్ని. అడిగే దిక్కు లేకపోయినా చెబుతాను.

మొదటిది, వెనక లైనును ఒకే ఏడాది ఖాళీ చేయకూడదు. ఫార్వర్డ్ వచ్చిన రోజే గోల్ కొట్టొచ్చు. డిఫెండర్లు నలుగురూ ఒకరి అడుగు ఒకరికి తెలియడానికి ఏడాదిన్నర పడుతుంది. ఒకడు పోతే ముగ్గురు నిలవాలి. రెండోది, డబ్బు తక్కువున్నప్పుడు మొదట కొనాల్సింది గోల్ వీరుణ్ని కాదు, నోరున్న సెంటర్ బ్యాక్‌ను. 'లైన్ పట్టు, వెనక చూడు' అని తొంభై నిమిషాలు అరిచేవాడు కావాలి. మూడోది, కుర్రాళ్లను ఆడించాలి, కానీ పెద్దల మధ్య నిలబెట్టి. ఇద్దరు పాతవాళ్లకు ఇద్దరు కొత్తవాళ్లు. నాలుగోది, ఓడుతున్న టీమ్ తన రెండు రెక్కల బ్యాకులను ఒకేసారి ముందుకు పంపకూడదు. ఒకడు పోతే ఒకడు ఉండాలి. ఐదోది, బార్కస్ గల్లీల్లో ఇప్పటికీ బంతి ఆడే పిల్లలున్నారు. సికింద్రాబాద్‌లో ఉన్నారు. మూడేళ్లు ఓపికపడితే అక్కడ నుంచే ఇద్దరు బ్యాకులు వస్తారు. వీటన్నిటికంటే ముందు, జీతం నెలనెలా పడాలి. ఇల్లు గడవనివాడు గోల్ కాపలా ఎట్లా కాస్తాడు?

ఇంకో మాట కూడా ఉంది. భయపడ్డ టీమ్ ఎట్లా డిఫెన్స్ చేస్తుందో చూడండి. పదకొండుమందీ తమ గోల్ ముందు గుంపవుతారు. బంతి వస్తే ఎటో ఒకటు గట్టిగా తన్నేస్తారు. అది మళ్లీ వాళ్ల మీదికే వస్తుంది. 43 గోల్స్ ఎక్కువ భాగం అట్లా తిన్నవే అని నాకు అనిపిస్తుంది.

అది చూస్తున్నప్పుడు నాకు మా మొహల్లా గుర్తొచ్చింది. 2007లో మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిందీ మావాళ్లే, పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. తర్వాత వాళ్లు నిర్దోషులని కోర్టు చెప్పింది. ఆ రోజుల్లో మేమందరం గోల్ ముందు గుంపయ్యాం. ఎవరూ అడగకముందే 'మేం మంచివాళ్లం, దేశభక్తులం' అని బంతిని ఎటో తన్నాం. అది తిరిగి మా మీదికే వచ్చింది. క్రికెట్ రోజున నా తొందర చప్పట్లు కూడా అట్లాంటి తన్నే. మంచి డిఫెండర్ బంతిని తన్నేయడు. కాలి కింద పెట్టుకుంటాడు, తల ఎత్తి చూస్తాడు, పక్కవాడికి ఇస్తాడు. ఆడతాడు.

రాస్తూ కూర్చుంటే 2025లో టీమే వెళ్లిపోయింది. క్లబ్బును ఢిల్లీకి మార్చారు, పేరు మార్చారు. నా న్యూస్‌ప్రింట్ ముక్కల మీది లైనప్పుకు ఊరు లేకుండా పోయింది. నా కొడుకుకు పద్నాలుగేళ్లు. టీవీలో వార్త చూసి అడిగాడు. 'అబ్బా, ఇప్పుడు మన టీమ్ ఏది?'

ఇరవై ఏళ్లుగా విన్న ప్రశ్నే. కానీ మొదటిసారి దాంట్లో అనుమానం లేదు. తెలుసుకోవాలని అడిగాడు. నాకు జవాబు రాలేదు. ఇంకో ఊరి జెండా పట్టుకోమని చెప్పలేను. అబ్బా సాసర్ల సంగతి చెప్పాను. రహీం సాబ్ ఎడమకాలి పోటీల సంగతి చెప్పాను. వాడు విని, చెప్పులు వదిలేసి, గోడకేసి ఎడమకాలితో బంతి కొట్టడం మొదలుపెట్టాడు. పక్కింటి యాదగిరి మామ మనుమడు వచ్చి కలిశాడు. ఇద్దరూ ఒకే టీమ్.

మొన్న ఆఫీసులో మళ్లీ మ్యాచ్. మళ్లీ అదే నవ్వు, అదే ప్రశ్న. ఈసారి నేను నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. 'మా గల్లీ టీమ్. ఆదివారం పొద్దున ఆట ఉంది, వస్తావా?' అన్నాను. అతను కాసేపు నా ముఖం చూసి, 'ఎన్ని గంటలకు?' అన్నాడు.

మావాడు రైట్ బ్యాక్. పోయినవారం మూడు గోల్స్ తిన్నారు. ఎందుకు తిన్నారో నాకు తెలుసు. ఇద్దరు బ్యాకులూ ఒకేసారి ముందుకు పోయారు. శనివారం రాత్రి కూర్చోబెట్టి సాసర్లు పెట్టి చూపించాలి.