ఒక యంత్రమునకు పెట్టిన పరీక్ష

పరీక్ష యను మాట వినినంతనే విద్యార్థుల హృదయములలో దిగులు పుట్టుట సహజము. ఏటేట మార్చి మాసము సమీపించుకొలది చెట్ల నీడలను గూర్చుండి గొణుగుచు చదువుకొను బాలబాలికలను జూచి నేను జాలిపడుచుందును. గత సంవత్సరము నేనొక యంత్రమునకు పరీక్ష పెట్టవలసి వచ్చెను. ఆ పరీక్షలో యంత్రముకంటె ముందుగా నేనే తప్పితిని. ఆ వృత్తాంతమును దాపరికము లేక చెప్పుట పిల్లలకును, వారి తలిదండ్రులకును కొంత మేలు చేయునని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2013వ సంవత్సరమున, మాకు చిరకాలము సంగీతము నేర్పిన పెద్దలొకరు పనినుండి విరమించుకొనిరి. అల్లూరులో జరిగిన వీడ్కోలు సభలో బాలికలు కీర్తనలు పాడిరి; పూర్వవిద్యార్థులు మాటలాడిరి; కడపట ఆయనయే హార్మోనియము ముందు గూర్చుండి యొక కీర్తన పాడిరి. రెండు గంటల ఆ కార్యక్రమమంతయు కెమెరాతో పట్టి, నా లాప్‌టాప్‌లోనికి చేర్చి, దానిలోనున్న డి.వి.డి. రైటరుతో పండ్రెండు బిళ్ళలు వ్రాసితిని. ఒకటి అయ్యగారి కిచ్చి, తక్కినవి పాడిన పిల్లల యిండ్లకు పంపితిని. ఒక్కొక్క బిళ్ళ ముగియగానే పని జయప్రదముగా పూర్తియైనదని తెరమీద కనబడుచుండెను. నేనా మాటను నమ్మితిని. కొన్ని నెలలకు లాప్‌టాప్‌లో చోటు చాలకపోగా మూలప్రతిని చెరిపివేసితిని.

అయ్యగారు ప్రభువునందు నిద్రించిన కొన్నాళ్ళకు, గత సంవత్సరము వానకాలములో, అమ్మగారు ఆ బిళ్ళను చేతిగుడ్డలో చుట్టుకొని మా యింటికి వచ్చిరి. మనిషి కన్నులయెదుట పాడుచున్నంతకాలము బిళ్ళతో నెవరికి బని? ఇప్పుడు వినవలెనని కోరిక కలిగి, మనుమని చేత దానిని పెట్టించుకొనిరట.

"నాయనా, పిల్లల పాటలన్నియు వచ్చినవి. ఆయన పాట వచ్చుచోట బొమ్మ నిలిచిపోవుచున్నది" అనిరి.

నేను నా లాప్‌టాప్‌లో పెట్టి చూచితిని. ఆమె చెప్పినదే నిజము. ఆయన హార్మోనియము మెట్లమీద చేయి పెట్టుచుండగా చిత్రము స్తంభించెను. మూలప్రతిని చెరిపితినని చెప్పుటకు నాకు నోరు రాలేదు, అయినను చెప్పితిని. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, "పోనిమ్ము. పిల్లల యిండ్లకిచ్చినవి యెట్లున్నవో కనుగొనుము. వారి పాటలైనను నిలువవలెను గదా" అని వెడలిపోయిరి. ఆమె నన్ను నిందించియున్న నాకింత బాధ కలుగకపోవును.

మొదట నేను తప్పంతయు యంత్రముమీదికి నెట్టితిని. "లాప్‌టాప్ రైటరులు బలహీనములు" అని పదవ తరగతి పిల్లలతో నంటిని. వారిలో నొక బాలుడు, "పరీక్షించి చూచితిరా, అయ్యగారూ?" అని యడిగెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నేర్చుకొన్న దానిని నా శిష్యుడే నాకు జ్ఞాపకము చేసెను. అంతట పరీక్ష చేయ నిశ్చయించితిమి.

ఇచ్చట బిళ్ళ స్వభావమును కొంచెము చెప్పవలెను. దాని వ్యాసము 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. గ్రామఫోను పలకపై సూది సాధారణముగా వెలుపలి యంచునుండి లోపలికి నడచును, డి.వి.డి.లో వ్రాత నడిమినుండి మొదలై వెలుపలికి, నత్తగుల్ల చుట్టువలె సాగును. చుట్టునకు చుట్టునకు నడుమనున్న యెడము మిల్లీమీటరులో వేయవవంతు కంటెను తక్కువ, అనగా 0.74 మైక్రోమీటరు. ఆ చుట్టలన్నియు విప్పి చాపినచో 11 కిలోమీటర్లు మించును. రంగు పూసిన పొరపై ఎఱ్ఱని లేజరు కిరణము వాడిగా పడి, ఆ దారివెంట సూక్ష్మమైన గుర్తులు కాల్చుచు పోవును. చదువునప్పుడు అదే కిరణము మెల్లగా ప్రసరించి, గుర్తున్నచోట నొకరీతిగను, లేనిచోట వేరొకరీతిగను తిరిగి వచ్చును. నిండుబిళ్ళలో 4.7 గిగాబైట్లు పట్టును.

ఇక వేగము సంగతి. డి.వి.డి.కి 1 రెట్టు వేగమనగా సెకనునకు సుమారు 1.385 మెగాబైట్లు. నా రైటరుపై 8 రెట్లని యున్నది. మా సభ చిత్రము 4.2 గిగాబైట్లు; లెక్క ప్రకారము ఆరున్నర నిమిషములలో ముగియవలెను. కాని గడియారము పెట్టి చూడగా తొమ్మిదిన్నర నిమిషములు పట్టెను. యంత్రము అబద్ధమాడెనా? లేదు. ఇట్టి రైటరు బిళ్ళను ఒకే తీరున త్రిప్పును. నడిమి చుట్లు చిన్నవి గనుక అచ్చట 3 రెట్లకు కొంచెము పైగా మాత్రమే వ్రాయగలదు. వెలుపలి యంచు చేరునప్పటికిగాని 8 రెట్లు రావు. ఆ సమయమున బిళ్ళ నిమిషమునకు సుమారు 4,600 చుట్లు తిరుగుచుండును. అంచుననే బిళ్ళ యూగుటయు, కిరణము త్వరపడుటయు నెక్కువ. బల్లమీది కంప్యూటరులోని రైటరుకు దళసరి పెట్టెయు, బలమైన మోటారును గలవు. లాప్‌టాప్‌లోనిదో, పలుచని పలకవంటిది. అయ్యగారి పాట కార్యక్రమమున కడపటిది గనుక సరిగా ఆ యంచుననే పడెను.

పరీక్షలో ఒక్కసారి ఒక్క సంగతినే మార్చవలెనని నియమము పెట్టుకొంటిమి. నాడు చవుకగా కొన్న పెట్టెలో నాలుగు బిళ్ళలు మిగిలియుండెను. వేరొక మంచిరకపు బిళ్ళలు నాలుగు క్రొత్తగా తెప్పించితిమి. రెండు రకములలోను రెండేసి 8 రెట్ల వేగమునను, రెండేసి 4 రెట్ల వేగమునను, అదే లాప్‌టాప్‌లో, 4.2 గిగాబైట్ల యొకే సామగ్రితో వ్రాసితిమి. పిదప ప్రతి బిళ్ళను మొదటినుండి చివరివరకు చదివించి, మూలముతో అక్షరమక్షరము సరిపోల్చు ప్రోగ్రామును నడిపితిమి.

అప్పుడొక బాలిక లేచి, "తాను వ్రాసినదానిని తానే చదివి బాగున్నదని చెప్పుట, పరీక్ష వ్రాసినవాడే తన కాగితములు దిద్దుకొనుట కాదా, అయ్యగారూ?" అనెను. ఆ ప్రశ్నకు నేను మిక్కిలి సంతోషించితిని. అందుచే ప్రతి బిళ్ళను కార్యాలయములోని వేరొక యంత్రమునందును చదివించితిమి.

ఫలితములు వినుడు. క్రొత్తరకపు బిళ్ళలు నాలుగును, రెండు వేగములందును, రెండు యంత్రములందును తప్పు లేక చదువబడినవి. పాత పెట్టెలోని బిళ్ళలు 8 రెట్లతో వ్రాసినవి రెండింటిలో ఒకటి లాప్‌టాప్‌లో ఆగి యాగి చివరికి గట్టెక్కెను. కార్యాలయ యంత్రములో రెండును వెలుపలి యంచు దగ్గర తప్పిపోయినవి. 4 రెట్లతో వ్రాసిన రెండింటిలో ఒకటి నిలిచెను, ఒకటి యంచున చెడెను. 4 రెట్ల వ్రాతకు పట్టిన కాలము పదునాలుగు నిమిషములు. ఎనిమిది బిళ్ళలతో శాస్త్రము స్థాపింపరాదు. వ్రాయకుండ మిగిలిన ఆ పాత బిళ్ళలకును వయస్సు వచ్చియుండెను. సముద్రతీరపు చెమ్మగాలి వానికి మేలు చేసియుండదు. అయినను ఇంతమట్టుకు స్పష్టము: రైటరు నిర్దోషి కాదు, బిళ్ళ నిర్దోషి కాదు, ఈ రెండింటి లోపమును బయటపెట్టగల పని నేను చేయలేదు. వ్రాసిన పిమ్మట సరిచూడవలెనా యని ప్రోగ్రాము అడుగుచుండగా, కాలము వృథా యని ఆ గడిని ఖాళీగా విడిచితిని. మెల్లగా వ్రాసియున్న బిళ్ళకు నాలుగున్నర నిమిషములు, పండ్రెండు బిళ్ళలకు గంటకు లోపే గదా యెక్కువ పట్టునది!

ఈ లెక్కలు వ్రాయుచుండగా నాకొక సంగతి తట్టెను. నాటి పండ్రెండింటిలో మొదటి మూడు బిళ్ళలు నెల్లూరులో విడిగా కొన్నవి. తక్కిన తొమ్మిదియు చవుక పెట్టెలోనివి. మా పరీక్ష నిజమైనచో ఆ మూడింటిలో పాట నిలిచి యుండవలెను. వానినెవరి కిచ్చితినో విచారించితిమి. ఒక యింట బిళ్ళ పోయినది. ఒక యింట పిల్లలు దానితో ఆడి గీతలు పెట్టిరి. మూడవది ఇసకపల్లిలో, వేటకుపోవు కుటుంబమువారి యింట, ఇనుపపెట్టెలో పెండ్లిచీర మడతలమధ్య భద్రముగా దొరకెను. దానిని రెండు యంత్రములందును చదివించితిమి. అయ్యగారు హార్మోనియము మీద చేయి పెట్టిరి, పాట సాగెను, కడపటి చరణము ముగిసి, పిల్లలు చప్పట్లు కొట్టువరకు సాగెను. గదిలో ఎవరును మాటలాడలేదు.

ప్రతులు పలుచోట్ల నుండుట యెంత రక్షణయో పెద్ద పనులలోను కనబడుచున్నది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగు బహుమానము నందిన ఆచార్య రాజ్ రెడ్డిగారు పూనుకొన్న పదిలక్షల పుస్తకముల యుద్యమమువలన వేలకొలది తెలుగు గ్రంథములు కంప్యూటరుల కెక్కినవి. వానినుంచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్థలము తరువాత మూతపడినను, ఇంటర్నెట్ ఆర్కైవులో ప్రతులుండుటచే నేటికిని చదువగలుగుచున్నాము.

తలిదండ్రులకు నా మనవి. మీ యిండ్లలో పెండ్లి బిళ్ళలు, ప్రతిష్ఠ పండుగల బిళ్ళలు ఉన్నచో, నేడే తీసి కడవరకు నడిపి చూడుడి. క్రొత్త లాప్‌టాప్‌లలో అనేకములకు బిళ్ళ పెట్టు సందే లేదు. చదువు యంత్రము దొరకునప్పుడే వేరొకచోటికి చేర్చుకొనుడి. అంచులు పట్టుకొని యెత్తుడి, ఎండకు పెట్టవలదు. రెండవ ప్రతి వేరొక యింట నుండి, సరిచూచినదాక మొదటిదానిని చెరుపకుడి.

విద్యార్థులారా, దేనినైనను పరీక్షింపక అంగీకరింపరాదని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రికలో బోధించెను. ఆ బోధను నేను బడిలో ననేకమార్లు చెప్పితిని. పాటించినది మాత్రము అమ్మగారు చేతిగుడ్డ విప్పిన దినమునుండియే. పరీక్ష మిమ్ము అవమానపరచుటకు కాక, మీయందేది నిలిచినదో, ఏది మరల వ్రాసికొనవలెనో తెలుపుటకే యున్నది.

సరిచూచిన క్రొత్త ప్రతిని తీసికొని నేనే అమ్మగారి యింటికి పోయితిని. ఆమె కడవరకు విని, "పిల్లలవి కూడ చూచితివా?" అనిరి. దొరకిన వన్నియు చూచితినని, చెడిన వానికి బదులు క్రొత్తవి వ్రాసి యిచ్చుచున్నానని చెప్పితిని. "4 రెట్ల వేగముననేనా?" అని మనుమడు లోపలినుండి యడిగెను. అతడు మా పదవ తరగతి బాలుడే.