చిప్పు మీది రాత

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి మెమరీ చిప్పులతో పనేమిటని మీరు అడగవచ్చు. ఆ పని మా అమ్మాయి ల్యాప్‌టాప్ కల్పించింది. కొత్త బయాస్ ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగిపోయింది. ఆనాటినుంచీ మీట నొక్కితే దీపం వెలుగుతుంది గాని, తెర మీద చీకటే. బాగుచేసేవారు మదర్‌బోర్డు మార్చాలన్నారు. వారు చెప్పిన ధర విని మా ఆవిడ మాట్లాడలేదు. నాకు భయం వేసింది అందుకే. అమ్మాయి పరీక్షలు చూస్తే నెల్లాళ్ళలో ఉన్నాయి.

మా మేనల్లుడు ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. "బోర్డు బాగానే ఉన్నట్టుంది మావయ్యా. చిప్పులో రాత చెడింది. తిరగరాద్దాం" అన్నాడు. నుదుటిరాత తిరగరాసే యంత్రం ఇంకా రాలేదు గాని, చిప్పురాతకు ఉందట! యూఎస్‌బీకి తగిలించే ప్రోగ్రామరు అది.

చిప్పు చింతగింజంత లేదు. ఎనిమిది కాళ్ళు. వీపు మీద డబ్ల్యూ 25 క్యూ 64 అని ఉంది. 64 మెగాబిట్లు, అంటే 8 మెగాబైట్లు. వాడు ముందు ఛార్జరూ బ్యాటరీ రెండూ ఊడదీశాడు. తర్వాత మల్టీమీటరు పెట్టి ప్రోగ్రామరు వోల్టేజి చూశాడు. ఈ చిప్పుకు కావలసింది 3.3 వోల్టులు, చౌకరకం ప్రోగ్రామర్లు కొన్ని సంకేతాల తీగల మీద 5 వోల్టులు పంపుతాయట. 1.8 వోల్టుల చిప్పులకైతే మధ్యలో వేరే అడాప్టరు ఉండాలి. చిప్పు మూలనున్న చుక్క ఒకటో కాలికి గుర్తు. క్లిప్పుకున్న ఎర్రతీగ అక్కడికే రావాలి.

"ఇక రాయరా" అన్నాను.

"ముందు చదవాలి మావయ్యా."

ఫ్లాష్‌రోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో రెండుసార్లు చదివి, రెండు ప్రతులనూ పోల్చాడు. కలవలేదు! క్లిప్పు సరిగ్గా కూర్చోలేదు. సర్ది, మళ్ళీ రెండుసార్లు చదివాడు. ఈసారి పొల్లుపోకుండా కలిశాయి. ఆ ప్రతిని రెండు చోట్ల దాచాడు.

ఎందుకింత తతంగం? ఈ చిప్పులో రాయడమంటే ఒకట్లను సున్నాలు చేయడమే. సున్నాను మళ్ళీ ఒకటి చేయాలంటే కనీసం 4 కిలోబైట్ల ముక్కను మొత్తంగా చెరపాలి. చెరిపాక పాతది రాదు. బయాస్ అయితే తయారుచేసిన కంపెనీ దగ్గర దొరుకుతుంది. ఆ యంత్రానికే చెందిన సీరియల్ నంబరూ వగైరా అందులో ఉండవు గదా? వాటిని పాత ప్రతిలోంచి తీసి కొత్తదానిలో చేర్చాడు.

నాకు బ్రౌన్ దొర జ్ఞాపకం వచ్చాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించే ముందు ఆయన ఎన్నో రాతప్రతులు సేకరించి పోల్చి చూశాడు. పాఠాంతరాలంటే మా క్లాసులో పిల్లలు ఆవులిస్తారు. ఆ విసుగుపని విలువ వీడికి ఏ వ్యాఖ్యానమూ చదవకుండానే తెలిసింది.

రాసినదాన్ని సాఫ్ట్‌వేరు మళ్ళీ చదివి, సరిపోయిందని చెప్పింది. బ్యాటరీ పెట్టి మీట నొక్కాడు. తెర వెలగడానికి కాస్త ఆలస్యమైంది; అంతసేపూ మా అమ్మాయి ఊపిరి బిగపట్టింది. వెలిగింది.

మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఇంతకీ రాయడానికి ఎంతసేపు పట్టిందిరా?" అని అడిగింది.

"ఐదారు నిమిషాలు అత్తయ్యా. సాయంత్రమంతా పట్టింది సరిచూసుకోడానికే!"