పొట్లం ముందు, ప్రార్థన తరువాత

మా పద్మారావు నగర్‌ను ఎరుగని వారికి రెండు ఆనవాళ్ళు చెబితే చాలు. ఒకటి స్కందగిరి గుడి, రెండవది గాంధీ ఆసుపత్రి. సికింద్రాబాదు రైల్వే స్టేషను చెంత ఉండే ఆ ఆసుపత్రి 2003లో ముషీరాబాదు పాత జైలు స్థలానికి తరలి వచ్చింది. పెద్దాసుపత్రి ఉన్న చోటికి మందుల దుకాణాలూ ఇడ్లీ బండ్లూ చేరినట్టే, నిలువ నీడ లేని వారూ చేరుతారు. రోగికి తోడుగా వచ్చి, ఆ రోగి కాలం చేశాక ఊరికి మొహం చూపలేక ఉండిపోయిన వారు కొందరు. రైలు దిగి, పని దొరకక ఇటు నడిచి వచ్చిన వారు కొందరు. 2020 ఫిబ్రవరిలో ఈ దారిన మెట్రో నడవడం మొదలయ్యాక దాని స్తంభాల నీడ కూడా వారికి ఆశ్రయమైంది.

తాగి తాగి వీధిన పడ్డారని వీరిని గురించి మనం తేలికగా అనేస్తాం. అలా పడిన వారు లేకపోలేదు. కానీ వీధిన పడిన తరువాత, దోమలలో, చలిలో, లాఠీ భయంతో కునుకు పట్టక, నిద్ర కోసమే తాగడం మొదలుపెట్టిన వారూ ఉన్నారు. వారికి చౌకగా దొరికేది కల్లు. నగరంలో 2004లో మూతబడిన కల్లు దుకాణాలు 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. చెట్టు నుంచి దిగిన కల్లు ఇంత నగరానికి ఏమూలకు? అందుకని డైజిపామ్, అల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు పలుమార్లు పట్టుబడింది. దీని విషమంతా తాగినప్పటి కంటే మానినప్పుడే బయటపడుతుంది. చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, మూర్ఛలు, లేని మనుషులతో మాట్లాడడం. 2015లో ప్రభుత్వం కల్తీపై విరుచుకుపడినప్పుడు తెలంగాణ జిల్లాలలో ఎందరో ఈ లక్షణాలతోనే ఆసుపత్రుల పాలయ్యారు.

మా వీధిలో ఒక చిన్న ప్రార్థన కూటం ఉంది. వారిలో అయిదారుగురు శనివారం రాత్రి అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు, కట్టు గుడ్డలు పట్టుకుని ఆసుపత్రి గోడ వెంట తిరుగుతారు. నేను క్రైస్తవుణ్ణి కాను. ఈ పొట్లానికి వెల ఏమిటో, పుచ్చుకున్న వాడు మతం రూపంలో ఎంత చెల్లించాలో చూద్దామన్న అనుమానంతోనే వారి వెంట వెళ్ళాను. ఆ అనుమానం అకారణమని ఇప్పటికీ అనను. ముందు పాట, తరువాత వాక్యం, చిట్టచివర అన్నం అనే పద్ధతి పాటించే బృందాలనూ చూశాను. ఆకలిగొన్న వాణ్ణి కూర్చోబెట్టి బోధించడం ఏ మతం వారు చేసినా నాకు రుచించదు.

ఈ కూటానికి పెద్ద ఒక విశ్రాంత నర్సు. అందరూ అమ్మగారంటారు. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: పొట్లం ముందు, ప్రార్థన తరువాత, అదీ అడిగిన వారికే. పొట్లం తీసుకుని లేచిపోయిన వాణ్ణి ఎవరూ వెనక్కు పిలవరు.

ఈ పని వెనుక పెద్ద చరిత్రే ఉంది. విలియం బూత్ 1865లో లండన్ తూర్పు పేటలలో తాగుబోతుల మధ్య ఆరంభించిన సేవ రక్షణ సైన్యమై, 1882లో భారతదేశానికి వచ్చింది. తెచ్చిన టక్కర్ దొర ఐ.సి.ఎస్. ఉద్యోగం వదులుకుని, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా ఒక క్రైస్తవ బృందపు సాధన నుంచి ఎదిగిందే. అయితే అది ఏ మతానికీ కట్టుబడకుండా, ఎవరి దేవుణ్ణి వారికి వదిలేసింది.

ఒక శనివారం నలభై ఏళ్ళ మనిషి ఒకాయన ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. కూటంలోని యువకులు సంతోషంతో ఆయనను ప్రార్థన గదిలోనే ఉంచారు. మూడవ రోజు సాయంకాలానికి ఒళ్ళంతా చెమటలు, వణుకు; గోడ మీద ఎవరినో చూసి కేకలు. దురాత్మ అన్నాడొక యువకుడు, రాత్రంతా ఉపవాస ప్రార్థన చేద్దామన్నాడు. అమ్మగారు చెప్పులు వేసుకుంటూ, "ఆటో పిలు నాయనా. ప్రార్థన ఆటోలో కూడా చేసుకోవచ్చు" అన్నారు.

అంత అలవాటున్న మనిషి ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజులలో ప్రాణం మీదికి రావచ్చునని ఆవిడకు వార్డులో తెలిసిన విషయం. దానికి మందులున్నాయి, విటమిను సూదులున్నాయి. భక్తి పేరుతోనో, వ్యసన విముక్తి పేరుతోనో మనిషిని గొలుసుతో కట్టివేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది కూడా. అయినా వైద్యం అందేది ఎందరికి? 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరుకుతోంది. చిరునామా, ఆధారు కార్డు, వెంట సంతకం పెట్టే మనిషి లేని వాడు ఆ ఒక్కరిలో ఉండడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఈ కూటం చేసే పెద్ద సాయం అన్నం కాదేమోనని నాకు అప్పుడు తోచింది. ఓ.పి. చీటీ దగ్గర "ఇతని తాలూకు ఎవరు?" అన్నప్పుడు "మేమే" అనడం.

ఆయన బతికాడు. రెండుసార్లు మళ్ళీ తాగాడు. రెండుసార్లూ అదే గోడ దగ్గర పొట్లం అందింది, నిందలు అందలేదు. ఇప్పుడు ఆరు నెలలుగా ముట్టలేదు. ఒక టిఫిను బండి దగ్గర గిన్నెలు కడుగుతూ, శనివారం రాత్రి నీళ్ళ సీసాల సంచి మోస్తున్నాడు. బాప్తిస్మం తీసుకోలేదు, ఎవరూ అడగనూ లేదు. తోటి వారికి తానే చెబుతుంటాడు, 14446కు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా చెబుతారని.

మొన్న ఆడికృత్తికకు స్కందగిరి గుడికి పోయి రావచ్చునా అని అమ్మగారిని బెరుకుగా అడిగాడట. ఆవిడ కాసేపు ఆలోచించి అన్నారట:

"పోయిరా నాయనా. కల్లు కాంపౌండు ముందునుంచి మాత్రం వద్దు, చుట్టూ తిరిగి పో."